మొండివాడు అనుకున్నాము

మా ఇంటి సంగతి ఈ పత్రికకు వ్రాయమని మా సంఘ కాపరిగారు రెండేళ్ళుగా అడుగుతున్నారు. సిగ్గుచేత వాయిదా వేస్తూ వచ్చాము. మొన్నామధ్య పక్క ఊరి నుండి ఒక తల్లి ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. వాడి కాళ్ళ మీద చింతబరికె వాతలు చూశాక ఇక వ్రాయకుండా ఉండలేకపోయాము. అటువంటి వాతలు ఒకప్పుడు మా బిడ్డ కాళ్ళ మీద కూడా ఉండేవి. మా ఇద్దరిలో కొట్టినది తండ్రి, కొట్టనిచ్చినది తల్లి. అందుకే ఇందులో "మేము" అనే వ్రాస్తున్నాము.

మా వాడికి ఇప్పుడు 10 ఏళ్ళు. ఇద్దరు బిడ్డలలో చిన్నవాడు. మాటలు వయసుకు తగ్గట్టే వచ్చాయి. మా రోడ్డు మీద తిరిగే ఆర్టీసీ బస్సులు ఏవి ఎన్ని గంటలకు వస్తాయో, ఏది ఏ ఊరికి పోతుందో నాలుగేళ్ళకే గడగడ చెప్పేవాడు. చురుకైనవాడు, ముద్దుగా ఉండేవాడు. వాడికి వైద్యులకు చూపించవలసినది ఏమైనా ఉన్నదని ఎవరికీ తోచలేదు. వాడిని గూర్చి ఊరంతా ఒకటే మాట: మొండివాడు.

ఆ మొండితనము ఎట్లా ఉండేదో కొంచెము చెప్పాలి. "నీళ్ళు కాగాయి, స్నానానికి రా" అంటే నులక మంచము క్రింద దూరేవాడు. "అన్నము తిను" అంటే, ఆకలితో ఉన్నవాడే, కంచము తోసేసేవాడు. చొక్కా తొడుక్కోమంటే కడుపునొప్పి అనేవాడు, చేతులు పనిచేయడము లేదనేవాడు. ఒక్కొక్కసారి, "నేను మనిషిని కాదు, మేకపిల్లను. మేకపిల్లలు చొక్కా తొడుక్కోవు" అనేవాడు. మొదట నవ్వేవాళ్ళము. రెండోసారి, మూడోసారి గట్టిగా చెప్తే కేకలు, కొరకడము, తల గోడకు కొట్టుకోవడము. అంతా అయ్యాక చెమటతో తడిసిపోయి, వణుకుతూ నాయనమ్మ ఒడిలో నిద్రపోయేవాడు. బడిలో మాత్రము నోరు మెదిపేవాడు కాదు. "మా దగ్గర బంగారము లాంటి పిల్లవాడు, ఇంట్లో మీ గారాబమే" అని అక్కడ అన్నప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ రోజులలో మాలో తండ్రి సంఘపెద్ద. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయములో, సంఘమును నడిపించువాడు తన ఇంటిని, తన పిల్లలను ఎట్లు ఉంచుకోవాలో చెప్పిన సంగతి మీరెరుగుదురు. ఆ భాగమును కమిటీలో ఒకటికి రెండుసార్లు చదివి వినిపించారు. చదివినవారిని తప్పు పట్టము. కాని దేవుని యెదుట నిజము చెప్పాలంటే, బిడ్డను సరిచేయాలన్న మా పట్టుదలలో బిడ్డ మీది ప్రేమకంటె నలుగురిలో మా పరువే ఎక్కువ పాలు.

2021 క్రిస్మస్‌కు పిల్లల నాటికలో వాడికి గొర్రెల కాపరి వేషము ఇచ్చారు. వాడే అడిగి తీసుకున్నాడు. నెల రోజులు అదే ధ్యాస. తలకు తువ్వాలు చుట్టుకొని, కర్ర పట్టుకొని, పెరటిలో కోళ్ళను తోలుకుంటూ తిరిగేవాడు. 24వ తేదీ రాత్రి గుడి ముందు షామియానా, సీరియల్ లైట్లు, మైకు. సండేస్కూలు టీచరుగారు "రా నాన్నా, వేషము వేసుకో, టైమైంది" అన్నారు. వాడు వెళ్ళి బల్ల క్రింద కూర్చున్నాడు. "నెల నుంచి నువ్వే కదరా గొడవ చేస్తున్నావు!" అని చెయ్యి పట్టి లాగితే ఆమె చెయ్యి కొరికాడు. రక్తము వచ్చింది. జనమంతా చూస్తున్నారు. తండ్రి వాడిని గుడి వెనుకకు ఈడ్చుకొనిపోయి చింతబరికెతో కొట్టాడు. తల్లి చూస్తూ నిలబడింది. సామెతల గ్రంథము చెప్పినట్టే చేస్తున్నామని మనస్సుకు సర్ది చెప్పుకున్నట్టు కూడా జ్ఞాపకము.

కొట్టడము ఆగి చూసేసరికి వాడు లేడు.

గుడికి అర కిలోమీటరు దూరములో కాలువ. ఆ కాలములో నిండుగా పారుతుంది. నాటిక ఆగిపోయింది. సంఘమంతా టార్చిలైట్లు, సెల్‌ఫోను లైట్లు పట్టుకొని గట్టు వెంబడి వాడి పేరు పిలుస్తూ వెదికారు. ఆ రెండు గంటలలో మేము ఏమని ప్రార్థించామో ఇక్కడ వ్రాయలేము. చివరకు కోత అయిన చేలో మంద కట్టిన ఒక గొర్రెల కాపరి దగ్గర, ఆయన గొంగడి క్రింద, గొర్రెల మధ్య ముడుచుకొని పడుకొని కనబడ్డాడు. (క్రిస్మస్ రాత్రి, గొర్రెల కాపరి అంటే అల్లిన కథలాగా ఉంటుంది. ఎరువు కోసము కోత చేలలో మందలు కట్టించుకోవడము మా వైపు ప్రతి యేడూ ఉన్నదే.) ఎత్తుకోబోతే ఆ పెద్దాయన చెయ్యి అడ్డము పెట్టాడు. "ఇప్పుడు ముట్టుకోబాకయ్యా. బెదిరున్నాడు. బెదిరిన గొర్రెని అదిలిస్తే ముళ్ళకంపలోకే పోద్ది. కాసేపు అట్టా కూకో" అన్నాడు.

కూర్చున్నాము. ఎవరము మాట్లాడలేదు. తెల్లవారుజామున వాడే లేచి వచ్చి వేలు పట్టుకున్నాడు.

బెదిరాడు అన్న మాట ఆ రాత్రి వరకు మాకు తట్టనేలేదు. మొండి అన్నాము, పొగరు అన్నాము, గారాబము అన్నాము. భయము అని ఒక్కరము అనుకోలేదు.

ఆ తరువాత కొన్నాళ్ళు ఎవరు ఏది చెప్తే అది చేశాము. ఉపవాస ప్రార్థనలు పెట్టించాము. ఒక ప్రసంగీకుడు ఇది దురాత్మ పని అని, తల గట్టిగా పట్టుకొని గద్దించేసరికి బిడ్డ రెండు రోజులు నోరే విప్పలేదు. ప్రార్థనను మేము తక్కువ చేయడము లేదు, ఇప్పటికీ అదే మా ఆధారము. అయితే బిడ్డను హడలగొట్టేదానికి ప్రార్థన అని పేరు పెట్టకూడదని మాత్రము గట్టిగా చెప్తాము. మా పాస్టరు అమ్మగారు ఒకరోజు వంటింట్లో పీట మీద కూర్చొని, "కళ్ళు మసకలైతే అద్దాల కోసము పోతాముగా అమ్మా, వీడిని కూడా ఒకసారి చూపిస్తే తప్పేముంది?" అన్నారు. ఆ మాట మమ్మును కదిలించింది.

ముందు జిల్లా ఆసుపత్రిలో పిల్లల కోసము ఉన్న డి.ఇ.ఐ.సి. అనే కేంద్రానికి వెళ్ళాము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇటువంటి కేంద్రాలు ఏర్పడ్డాయి. అక్కడ చూసినవారు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థకు పంపారు. 1984లో స్థాపించిన ఆ సంస్థను ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. 2022లో, వాడి ఏడవ యేట, ఇది ఆటిజము అని తేల్చారు.

మేము నమ్మలేదు. మాకు తెలిసిన ఆటిజము అంటే మాట రాని బిడ్డ, ఎవరి ముఖము చూడని బిడ్డ. బస్సుల వేళలన్నీ చెప్పేవాడికి ఆటిజము ఏమిటి? అప్పుడు ఒక మానసిక నిపుణురాలు ఓపికగా రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పారు. మాకు అర్థమైనంతవరకు, మాకు అర్థమైన మాటలలోనే వ్రాస్తాము.

ఆటిజమును 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను చూసి మొదట వివరముగా వ్రాశాడు. ఆ తరువాత చాలా ఏళ్ళు, తల్లి మనస్సులో చల్లదనము వలన, అంటే ప్రేమ లేకపోవడము వలన, బిడ్డ ఇట్లా అవుతాడని పెద్ద పెద్ద వైద్యులే చెప్పారట. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానే అటువంటి బిడ్డకు తండ్రి, అది తప్పని పుస్తకము వ్రాశాడు. ఇది పుట్టుకతోనే మెదడు నిర్మాణములో ఉండే తేడా అని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. తల్లి గర్భవతిగా ఉండి గ్రహణము చూసినందుకు కాదు, తండ్రి చేసిన పాపానికి కాదు, టీకా వేయించినందుకు కాదు. టీకాను గూర్చి 1998లో ఇంగ్లాండులో వచ్చిన వ్యాసమును, అది తప్పుడుదని తేలాక 2010లో ఆ పత్రికవారే వెనుకకు తీసుకున్నారు. మా ఇంట్లో నింద ఎవరి మీదికి వెళ్ళిందో ఆడవారికి చెప్పనక్కరలేదు.

ఇక మా వాడి విషయము. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో ఎలిజబెత్ న్యూసన్ అనే పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. ఆటిజము ఉన్నట్టే ఉండి, కాని మామూలుగా చెప్పే లక్షణాలకు సరిపడని కొందరు పిల్లలను ఆమె 1980ల నుండి గమనిస్తూ వచ్చారు. ఆ పిల్లలకు ఏ పని చెప్పినా దానిని తప్పించుకోకుండా ఉండలేరు. మామూలు పని, రోజూ చేసే పని, చివరకు తమకు ఇష్టమైన పని అయినా సరే. సాకులు చెప్తారు, మాట మారుస్తారు, నటిస్తారు, ఇంకొకరిలా మారిపోయి ఆడతారు. ఇవేవీ పనిచేయకపోతే విరుచుకుపడతారు. దీనికి ఆమె పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్ అని పేరు పెట్టి, తోటివారితో కలిసి 2003లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. క్లుప్తముగా పి.డి.ఎ. అంటారు. "మేకపిల్లలు చొక్కా తొడుక్కోవు" అన్న మాట ఆ మేడముగారికి మేము ఇంకా చెప్పనేలేదు. వారు చెప్పేది విని ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము.

ఈ పేరు మీద నిపుణులలో ఏకాభిప్రాయము లేదు. అమెరికావారి డి.ఎస్.ఎం.-5లో గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐ.సి.డి.-11లో గాని ఇది విడిగా లేదు. సర్టిఫికెట్టు మీద ఆటిజము అనే వ్రాస్తారు. ఇది ప్రత్యేకమైన రకము కాదు, ఆటిజము ఉన్న బిడ్డ పడే విపరీతమైన ఆందోళనే ఇట్లా బయటపడుతుందని చెప్పేవారు ఉన్నారు. మాకు ఆ వాదముతో పనిలేదు. పేరు ఏదైనా, లోపల ఉన్నది భయము అన్న దగ్గర అందరి మాటలూ కలుస్తున్నాయి.

రైతు కుటుంబాలకు తెలిసిన పోలిక ఒకటి చెప్తాము. ఓల్టేజి తేడా వస్తే మోటారు స్టార్టరు ట్రిప్ అవుతుంది. మోటారు కాలిపోకుండా అది చేసే పని అది. మోటారు మొండికేసిందని దానిని కర్రతో బాదము. కాసేపు ఆగి, కరెంటు కుదురుకున్నాక మళ్ళీ వేస్తాము. మా వాడిలో ఆ స్టార్టరు మరీ సున్నితముగా ఉన్నది. "రా" అన్న ఒక్క మాటకు పడిపోతుంది. పని కష్టమని కాదు. ఆ పని చేయక తప్పదు, తన చేతిలో ఏమీ లేదు అన్న తలంపే వాడికి కుక్క మీదపడినంత భయము. అందుకే నెల రోజులు తాను కలగన్న వేషమే, "వేసుకో" అనేసరికి ఉరితాడైంది. బడిలో అంతసేపు బిగబట్టుకొని కూర్చొని, ఇంటి గడప తొక్కగానే పగిలిపోవడమూ అందుకే. ఇల్లు భద్రమైన చోటు గనుకనే అక్కడ బయటపడుతుందట. గారాబము అని మేము పడిన మాటలన్నీ ఆ రోజు గుర్తుకొచ్చాయి.

ఇక్కడ బెత్తము సంగతి దాటవేసి పోతే మీకు న్యాయము చేసినట్టు కాదు. ఎందుకంటే మా చేతిలోకి చింతబరికె వచ్చింది కోపము వలన మాత్రమే కాదు, వాక్యము అనుకొని. ఇంటికి వచ్చాక మా అయ్యగారిని అడిగాము. ఆయన సెమినరీలో చదువుకున్న పాత పుస్తకాలు తీసి చూపించారు. సామెతలు 13వ అధ్యాయము 24వ వచనములోని బెత్తమునకు, 23వ కీర్తన 4వ వచనములోని దుడ్డుకర్రకు హెబ్రీ భాషలో ఒకటే మాట, షేబెట్. లేవీయకాండము 27వ అధ్యాయములో మందను లెక్కించేటప్పుడు గొర్రెలు దాటివెళ్ళేది కూడా ఆ కర్ర క్రిందనే. అది కాపరి చేతి కర్ర. దావీదుకు అది చూస్తే భయము కాదు, ఆదరణ. సామెతలలో దానితో కొట్టడమును గూర్చి చెప్పిన చోట్లూ ఉన్నాయి, లేవని మేము బుకాయించము. కాని అక్కడ కూడా ఉద్దేశము బిడ్డ ప్రాణము దక్కడమే. మా బరికె బిడ్డను కాలువ దారి పట్టించింది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పిల్లలకు చెప్పిన మాట మా వాడికి వందసార్లు వల్లె వేయించాము. దాని వెంటనే తండ్రులకు చెప్పిన మాట ఉన్నది. దానిని మాకెవరూ వల్లె వేయించలేదు.

ఆ చలిలో, చేలో కూర్చున్న పెద్దాయన పక్కన కూడా కర్ర ఉన్నది. దానిని ఆయన గొర్రెల మీద ఎత్తగా మేము చూడలేదు. రాత్రంతా కుక్కల వైపే చూపించాడు.

మా ఇంట్లో ఈ విద్య ఎరిగినది ఒకరే, నాయనమ్మ. అక్షరము రాదు. కాని ఆమె ఏనాడూ వాడికి పని చెప్పలేదు. చింతపండు కొడుతూ కూర్చొని, ఎవరితోనో అన్నట్టు, "ఈ పిక్కలన్నీ ఎవరు ఏరతారో ఏమో, నా కళ్ళు కానరావటంలా" అనేది. పది నిమిషాలకు వాడు వచ్చి కూర్చొని ఏరేవాడు. ఆమె తలెత్తి చూసేది కూడా కాదు. సికింద్రాబాదులో ఆ మేడముగారు కాగితము మీద వ్రాసి ఇచ్చిన ఉపాయాలలో మొదటిది ఇదే: ఆజ్ఞగా కాక, ఉన్న సంగతిగా చెప్పండి, ఎదురుచూడకండి. "చెప్పులు వేసుకో" అని కాదు, "బయట ఎండ మండిపోతోంది" అని. అంతవరకు చెప్పి మన పని మనము చూసుకోవాలి. వింటాడా? ఒక్కొక్కసారి వినడు. వట్టి కాళ్ళతో వెళ్ళి, కాలి, తిరిగి వచ్చి వేసుకుంటాడు.

స్నానము దారికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. బస్సులంటే ప్రాణము గదా. ఒకరోజు వాడు మంచము క్రింద ఉండగా, మాలో తండ్రి భుజాన సంచి తగిలించుకొని, పాత టికెట్టు ముక్కలు చేతిలో పట్టుకొని, "స్నానాలగది, స్నానాలగది, నాన్‌స్టాప్" అని కేక వేశాడు. మంచము క్రింద నుండి నవ్వు వినబడింది. తరువాత, "కండక్టరు నేను, నువ్వు డ్రైవరు" అన్నాడు. ఇప్పటికీ మా ఇంట్లో తండ్రి డ్రైవరే. ఇది చూసి పొరుగువారు నవ్వారు. సంఘపెద్దగా ఉన్నవాడు పెరటిలో హారను మోగించుకుంటూ పోతుంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. వేషము కట్టి ఆడినప్పుడు పని చేయగలగడము ఈ పిల్లలలో న్యూసన్ గమనించిన సంగతులలో ఒకటి.

కాని ఒక్కటి గమనించండి. సోమవారము పనిచేసిన ఉపాయము గురువారానికి పనిచేయదు. బస్సు కూడా ఒకసారి నెలరోజులు షెడ్డుకే పరిమితమైంది. మెచ్చుకోవడము సైతము జాగ్రత్తగా చేయాలి. వాడు మొదటిసారి తనంతట తాను పళ్ళు తోముకున్న రోజున ఇంటిల్లిపాదీ "శభాష్" అని చప్పట్లు కొట్టాము. ఆ తరువాత మూడు వారాలు బ్రష్షు ముట్టలేదు. శభాష్ అంటే రేపు కూడా చేయాలి అని వాడికి వినబడుతుంది. ఇప్పుడు ఏదైనా మంచి చేస్తే వాడికి వినబడేటట్టు నాయనమ్మతో చెప్తాము, అంతే.

సాయంత్రము బడి నుండి రాగానే ఏమీ అడగము. హోమ్‌వర్కు లేదు, ముఖము కడుక్కో లేదు. వేరుశనగలో, అటుకులో చిన్న గిన్నెలో మంచము దగ్గర పెట్టి పక్కకు తప్పుకుంటాము. ఏలీయా అరణ్యములో చెట్టు క్రింద పడి చావును కోరుకున్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్ళు పెట్టి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. దేవుడు ప్రశ్న అడిగినది చాలా దూరము నడిచాక, కొండ దగ్గర. ఆ వరుస చదివినప్పుడు మా సాయంకాలాలే జ్ఞాపకము వస్తాయి.

"ఇట్లా అన్నిటికీ ఒప్పుకుంటూ పోతే రేపు పెద్దయ్యాక ఎట్లా?" అని స్త్రీల సమాజములో అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మేము అన్నిటికీ ఒప్పుకోలేదు. మా ఇంట్లో కదలని గీతలు నాలుగు ఉన్నాయి: కాలువ, తారురోడ్డు, కరెంటు మోటారు, అక్క మీద చెయ్యి. వాటిలో సడలింపు లేదు. ఆ నాలుగూ నిలవాలనే మిగిలిన నలభై వదిలేశాము. చొక్కా తిరగవేసి తొడుక్కుంటే తొడుక్కున్నాడు. ఆదివారము పెరుగన్నమే మూడుపూటలా తింటే తిన్నాడు. ఇంతకుముందు రోజుకు నలభై యుద్ధాలు చేసి నలభైలోనూ ఓడిపోయేవాళ్ళము, ఆ నాలుగింటిలో కూడా. యాకోబు ఏశావును కలుసుకున్న తరువాత, ముందుగా వెళ్ళమని అన్నకు చెప్పి, తాను పసిబిడ్డల నడకను బట్టి మెల్లగా వస్తానన్నాడు గదా, ఆదికాండము 33వ అధ్యాయములో. అంత మందను, అంత ఆస్తిని సంపాదించినవాడు పిల్లల కోసము నడక తగ్గించుకోవడము నామోషీ అనుకోలేదు.

ఇందులో నష్టపోయినది మా అమ్మాయి. వాడికంటె నాలుగేళ్ళు పెద్దది. "నేను కంచము తోస్తే ఊరుకుంటారా?" అని ఒకరోజు అడిగింది. ఊరుకోము. దానికి మా దగ్గర సమాధానము లేకపోయింది. వాడికి ఏమి ఉన్నదో కూర్చోబెట్టి చెప్పాము. విన్నది, అర్థము చేసుకున్నది. అర్థము చేసుకోవడము వేరు, మనస్సు నొచ్చుకోకపోవడము వేరు. ఇప్పుడు శనివారము సాయంత్రము తల్లి దానిని ఒక్కదానినే వెంటబెట్టుకొని బజారుకు వెళ్తుంది. గాజులు కొన్నా కొనకపోయినా, ఆ రెండు గంటలు తమ్ముడి మాట ఎత్తకూడదని వారిద్దరి ఒప్పందము. ఇది మొదటి నుండి చేయవలసింది. ఆలస్యము చేశాము.

సంఘపెద్ద బాధ్యత 2022లోనే విడిచిపెట్టాము. ఎవరూ బలవంతపెట్టలేదు. తరువాత మళ్ళీ తీసుకొమ్మని అడిగారు. ఆదివారము ఉదయము ఆ తండ్రి ఉండవలసిన చోటు వేరే ఉన్నది, గుడి వరండాలో. లోపలి మైకు మోత మా వాడు భరించలేడు. వరండాలో అయ్యగారు చాప వేయించారు. వాడు అక్కడ కూర్చొని అందరి చెప్పులు చిన్నవాటి నుండి పెద్దవాటి వరకు వరుసగా పెడతాడు. మొదట కొందరు గొణిగారు. ఇప్పుడు తన జత ఎన్నవ స్థానములో ఉన్నదో చూసుకొని నవ్వుకొనేవారే ఎక్కువ. కంఠత వాక్యము చెప్పమని వాడిని ఎవరూ అడగరు. ఇంట్లో కుటుంబ ప్రార్థన వేళ మంచము క్రిందనే ఉంటాడు. పోయిన వర్షాకాలములో ఒక రాత్రి, మేము ఆమేన్ అనబోతుండగా క్రింద నుండి, "నల్ల మేకపిల్లకు కాలు నొప్పిగా ఉంది, అది చెప్పలేదు మీరు" అన్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాము.

ఇటువంటి బిడ్డలున్నవారికి పనికివచ్చే నాలుగు సంగతులు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 21 రకాలలో ఆటిజము ఉన్నది. సర్టిఫికెట్టుతోపాటు యు.డి.ఐ.డి. కార్డు తీసుకోవాలి. 40 శాతము, అంతకు మించి అని వ్రాసి ఉంటే 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకములో ఏటా లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా వస్తుంది. మండలాలలోని భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వెళ్ళి అడగండి. బడిలో బిడ్డను కొట్టడము, మనస్సు నొప్పించడము 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము నిషేధము. ఈ సంగతి చెప్పడానికి బడికి వెళ్ళినప్పుడు, ఇంట్లో మేము కొట్టిన సంగతి కూడా చెప్పి, అందరము మానుకుందామని అడిగాము. అట్లా అడిగితేనే విన్నారు.

వాడు హైస్కూలుకు వెళ్ళగలడో లేదో ఇప్పుడే చెప్పలేము. పోయిన వారము కూడా కిటికీ అద్దము ఒకటి పగిలింది. కొట్టడము మానేసి నాలుగేళ్ళు కావస్తున్నా, చెయ్యి గబుక్కున పైకి లేపితే వాడు ఇంకా తల వంచుకుంటాడు. గూట్లోని అగ్గిపెట్టె తీయబోయినా సరే.

పక్క ఊరి తల్లి వచ్చిన సంగతి మొదట వ్రాశాము. ఆమె ఏడుస్తూ మాతో చెప్తుండగా ఆమె కొడుకు మా గొంతులు విని బెదిరి, సరిగ్గా ఆ నులక మంచము క్రిందికే దూరాడు. "బయటికి రారా, పరువు తీయకు" అని ఆమె లేవబోయింది. మా వాడు అడ్డము వచ్చాడు. సంచి భుజాన వేసుకొని మంచానికి కాస్త దూరముగా నేల మీద కూర్చొని, అటు చూడకుండానే, "ఈ బస్సు అరగంట ఆగుద్ది. ఎక్కితే ఎక్కొచ్చు, లేపోతే లేదు" అన్నాడు.

మేము ముగ్గురము వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకున్నాము.